వాపు గుర్తు

గౌడవెల్లి,
జూన్ 8, 2025

చిరంజీవి అశ్రితకు మేనమామ ప్రతాప్ రెడ్డి ఆశీర్వదించి రాస్తున్నది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. నవ్వినా పరవాలేదు, పూర్తిగా చదివి నవ్వు. పోయిన వారం నా నాలుక మీద పొక్కు లేస్తే నీకు చూపిద్దామని ఫొటో తీసి, పొరపాటున ‘గౌడవెల్లి అభివృద్ధి వేదిక’ గ్రూపులో పెట్టాను. ఊరంతా చూసినాక తీసేశాను. ఆ రోజు నుంచి సాయినాథ్ మనుషులు నేను ఎదురుపడితే నాలుక బయట పెడుతున్నారు. సాయినాథ్ తెలుసు కదా, మా వార్డు టికెట్ కోసం నాతో పోటీ పడుతున్నవాడు. నా వెంచర్‌లోనే ప్లాటు కొని, నేనమ్మిన ఆ ప్లాటులోనే కుర్చీలు వేసి, నా మీదనే మీటింగు పెడతాడు. అందుకని ఒంటి సంగతులు ఇక ఫోన్లో పెట్టదలచుకోలేదు. మన మొగులయ్య రోజూ శామీర్‌పేటకు కూరగాయల ఆటో తెస్తాడు కాబట్టి కవరు అంటించి అతని చేతికిస్తున్నాను. వంకాయల కింద పెట్టి తెస్తానన్నాడు. నీ జవాబు కూడా అతనికే ఇవ్వు.

ఇక అసలు సంగతి. మా పార్టీ మండల అధ్యక్షుడు పరమేశన్న ఈసారి టికెట్ అడిగేవాళ్ళు ఆరోగ్య రిపోర్టు కూడా జత చేయాలన్నాడు. పోయినసారి మనవాళ్ళలో ఒకాయన ప్రమాణస్వీకారం చేస్తూ చేస్తూ మైకు మీద పడిపోయాడు. ఎన్నికలు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు గానీ టికెట్ మాత్రం ఇప్పుడే ఖాయం కావాలి. నేను దంపతుల ప్యాకేజీ తీసుకున్నాను. భర్త చేయించుకుంటే భార్యకు ఉచితం. ఒకామె తెల్లవారగానే స్కూటీ మీద వచ్చి ఇద్దరి రక్తం తీసుకుపోయింది. ఉచితంగా చేయించుకున్న నీ అత్త రిపోర్టు బంగారంలా వచ్చింది. డబ్బు పెట్టిన నాకు మాత్రం జబ్బు వచ్చింది.

రిపోర్టు తెలుగులో పంపారు. నా పేరు కింద ‘వాపు గుర్తులు’ అని శీర్షిక. దాని కింద ఎర్ర అక్షరాలతో ‘అధిక సున్నితత్వ సి-రియాక్టివ్ ప్రోటీన్: ముప్పై ఒకటి’ అని ఉంది. బిడ్డా, నాకు సున్నితత్వం అధికమని బయటపడితే టికెట్ ఇస్తారా? మొన్న ప్లాట్ల దగ్గర ఇద్దరు నా ముఖం మీదే తిడితే వాళ్ళతోనే చాయ్ తాగి వచ్చాను. నాకు సున్నితత్వమేమిటి? రెండోది వాపు. అద్దం ముందు నిలబడి తల నుంచి కాళ్ళ దాకా చూసుకున్నాను. పొట్ట తప్ప ఏ వాపూ లేదు, అది చాలా ఏళ్ళుగా ఉన్నదే. మూడోది గుర్తు. పార్టీ ఇవ్వకముందే ల్యాబ్ వాళ్ళు నాకు గుర్తు కేటాయించడమేమిటో అర్థం కాలేదు.

నువ్వు ఇటువంటి వాపులు కొలిచే కిట్లు చేసే కంపెనీలోనే ఉన్నావు కాబట్టి వివరంగా రాయి. ఆ ముప్పై ఒకటిని కాస్త తగ్గించి రాయించే వీలుంటే అది కూడా చూడు.

మీ అత్త క్షేమం. దస్తూరీ ఆమెది మంచిదని ఈ ఉత్తరం ఆమెనే రాయమన్నాను. పొద్దున పూట వేళ్ళు ముడవడానికి వస్తలేవన్నది. “రిపోర్టు సూడు, నీకేం లేదు” అన్నాను. పెన్ను నా చేతికే ఇచ్చి వంటింట్లోకి పోయింది, అందుకే ఇది నా దస్తూరీ.

నీ మామ,
ప్రతాప్

*

శామీర్‌పేట,
జూన్ 10, 2025

ప్రతాప్ మామకు,

ఉత్తరం వంకాయల కింద కాకుండా టమాటాల కింద వచ్చింది. మొదటి పేజీ ఎండబెట్టుకుని చదివాను.

సున్నితమైనది పరీక్ష మామా, నువ్వు కాదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. మన ఒంట్లో ఎక్కడైనా లోపల మంట మొదలైతే కాలేయం ఒక ప్రోటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. పాత పరీక్షలు అది బాగా పెరిగాక గానీ పసిగట్టలేవు. ఇప్పటి పరీక్షలు రవ్వంత ఉన్నా పట్టేస్తాయి. అత్త పులుసు చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పు తగ్గిందని చెబుతుంది, నువ్వు గిన్నె ఖాళీ చేశాక ఉప్పు వేశారా అని అడుగుతావు. అత్త నాలుక అధిక సున్నితమైన పరీక్ష. నీది పాత మోడల్.

వాపు అంటే పైకి ఉబ్బి కనబడేదే కానక్కర్లేదు. లోపలి మంటను కూడా మా వాళ్ళు అదే మాటతో చెబుతారు. గుర్తు అంటే ఆనవాలు. ఆ రిపోర్టును ఎవరో యంత్రానికి ఇచ్చి తెలుగు చేయించారు, యంత్రానికి మీ వార్డు రాజకీయం తెలియదు.

మామూలుగా ఆ అంకె మూడు లోపల ఉంటుంది. ముప్పై ఒకటి అంటే కొట్టిపారేసేది కాదు. పంటి కింద చీము పట్టినా, జ్వరం తగిలినా పెరుగుతుంది. ఎక్కడో ఏదో ఉందని మాత్రమే అది చెబుతుంది, ఎక్కడో చెప్పదు. రిపోర్టు మొత్తం జిరాక్స్ తీయించి పంపు. అత్తది కూడా పంపు. తగ్గించి రాయించడం మా కంపెనీలో లేదు. ఉంటే ముందు మా మేనేజర్ బరువు తగ్గించి రాయించేదాన్ని.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది నీ అంకె చూసి కాదు. చివర్లో అత్త వేళ్ళ గురించి ఒక ముక్క రాసి వదిలేశావు. ఎప్పటి నుంచి? ఒక చేతికా, రెండు చేతులకా? పొద్దున ఎంతసేపటికి వదులవుతాయి? ముందు ఈ సంగతి రాయి, మీ పార్టీ సంగతులు తరువాత. మీ ఇంట్లో ఉండి ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఆ చేతులే నాకు జడలు వేశాయి.

ఇక్కడ అంతా మామూలే. ఆదివారం చెరువు గట్టు మీద పెళ్ళి ఫొటోల వాళ్ళతో నడవడానికి జాగా లేదు. ఒక జంట నన్ను పక్కకు జరగమంది. నేను అడ్డొచ్చి చెరువు కనబడటం లేదట.

జవాబు కోసం చూస్తుంటాను.

అశ్రిత

*

గౌడవెల్లి,
జూన్ 19, 2025

చి. అశ్రితకు,

నీ ఉత్తరం నాకు ఎంత మేలు చేసిందో చెప్పలేను. ‘లోపల మంట’ అన్న నీ మాట పరమేశన్నకు చెప్పాను. ఆయన రాజకీయం తెలిసిన మనిషి, వెంటనే అందుకున్నాడు. మరునాటికి బస్టాపు దగ్గర ఫ్లెక్సీ లేచింది: ‘ప్రజల కోసం లోలోపల మండుతున్న ప్రతాపన్న త్వరగా కోలుకోవాలి’. ఫొటోలో నేను దండం పెడుతున్నాను, వెనక మంటలు వేశారు. మంటలు కాస్త ఎక్కువయ్యాయి, దూరం నుంచి దహనం చేస్తున్నట్టుంది, అయినా బాగానే ఉంది.

అప్పటి నుంచి ఇంటికి జనమే జనం. వరండాలో మంచం వేయించుకుని పడుకుంటున్నాను. నిలబడి ఉంటే వచ్చినవాళ్ళకు తృప్తి ఉండటం లేదు. ఒకరు దానిమ్మ పండ్లు తెస్తారు, ఒకరు కొబ్బరి బోండాలు. నిన్న సాయినాథ్ కూడా సపోటాలు పట్టుకొచ్చాడు. మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని, “అన్నా, రాజకీయాలు ఎప్పుడైన ఉంటయ్, మనిషి ఉండాలె గని” అన్నాడు. నిజంగా బాధపడ్డాడు. అంత బాధ చూసి నాకే ఒక క్షణం నేను పోతానేమోనని అనుమానం వచ్చింది.

నీ అత్త ఉదయం రాగి జావ, పదకొండుకు మునగాకు కషాయం, సాయంత్రం మళ్ళీ కషాయం ఇస్తోంది. వచ్చినవాళ్ళందరికీ చాయ్ కూడా.

నువ్వడిగిన వాటికి జవాబు. రెండు చేతులకూ ఉందట. పోయిన చలికాలం నుంచట. నాకు ఆమె చెప్పలేదు, నిన్న చాయ్ గ్లాసులు జారి పడితే అడిగాను. “పొద్దున లేస్తె వేళ్ళు కట్టెలెక్క ఉంటున్నయ్. పదిగొట్టేదాక సక్కగ రావు” అన్నది. “మరి డాక్టరుకు చూపియ్యాల్నా?” అంటే, “నాకేం లేదని రిపోర్ట్ల వచ్చె గద” అన్నది. ఆ మాట అని నా దిక్కు ఒక చూపు చూసింది. పని ఎక్కువై అలసిపోయి ఉంటుంది. జనం తగ్గితే అదే సర్దుకుంటుంది.

రెండు రిపోర్టులూ జిరాక్స్ పెట్టాను. ఆమెది చూడు, ఎంత ముచ్చటగా ఉందో.

నీ మామ,
ప్రతాప్

తా.క. మొగులయ్య చేతికి సపోటాలు కూడా ఇచ్చాను. సాయినాథ్ తెచ్చినవే, నేను తినలేదు. నువ్వు కడిగి తిను.

*

శామీర్‌పేట,
జూన్ 22, 2025

మామా,

సపోటాలు బాగున్నాయి. నాకేమీ కాలేదు.

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నీ పేరు మీద ఉన్నదాంట్లో ఎర్ర అంకె ఒక్కటే కాదు. రక్తం తొమ్మిదే ఉంది. దావత్‌లో కిలో మటన్ ముందు పెట్టుకుని కూర్చునే నీకు రక్తం తొమ్మిదా? దాని కింద ‘రుమటాయిడ్ ఫ్యాక్టర్’ అని ఇంకో గుర్తు ఉంది. అది కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనబడేది. నీకు కీళ్ళ నొప్పులు ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. వేళ్ళు కట్టెల్లా బిగిసి పదింటి దాకా వదలనిది అత్తకు. ఆమె రిపోర్టు మాత్రం వస్తాదు రిపోర్టులా ఉంది, రక్తం పదిహేను.

ల్యాబ్‌లో సీసాలు తారుమారు అయ్యాయని నా అనుమానం. వాళ్ళ మీద ఫిర్యాదు రాసి పెట్టాను, ఇంకా పంపలేదు. ముందు మీరిద్దరూ శనివారం ఇక్కడికి రండి. బస్టాండు వెనక తెలిసిన ల్యాబ్ ఉంది, నా కళ్ళ ముందే తీయిస్తాను. అత్తను తప్పకుండా తీసుకురా.

కీళ్ళవాతం నొప్పి మాత్రం పెట్టి పోయే జబ్బు కాదు మామా. మందు మొదలుపెట్టకపోతే లోపల కీలును తింటూ పోతుంది. అట్లా వంకర పోయిన వేలు తిరిగి చక్కగా కాదు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

అశ్రిత

*

గౌడవెల్లి,
జూలై 2, 2025

చి. అశ్రితకు,

శనివారం నేనొక్కడినే వచ్చినందుకు నీకు కోపం వచ్చినట్టుంది, చాయ్ కూడా తాగకుండా పోయావు. ఏం చేయను, ఆ రోజు పార్టీ మహిళా విభాగం నన్ను చూడటానికి వచ్చింది. వాళ్ళకు వంట చేయడానికి మీ అత్త ఉండాలి కదా.

నా కొత్త రిపోర్టు నువ్వు పంపగానే పరమేశన్నకు చూపించాను. ముప్పై ఒకటి పోయి ఒకటి లోపలికి వచ్చింది, రక్తం తొమ్మిది నుంచి పదిహేనుకు ఎక్కింది, కీళ్ళవాతం గుర్తు మాయమైంది. మూడు వారాల మునగాకు కషాయం మహిమ. ఊళ్ళో ఇప్పుడు దాన్ని ‘ప్రతాపన్న కషాయం’ అంటున్నారు. పొద్దున ఇంటి ముందు చెంబులతో వరుస కడుతున్నారు. ఊళ్ళో మునగ చెట్లన్నీ బోడిగుండ్లయ్యాయి. సాయినాథ్ కూడా మనిషిని పంపి రెండు చెంబులు తెప్పించుకున్నాడు. ప్రత్యర్థి చేతి కషాయం తాగుతున్నాడంటే నమ్మకం ఎంత పెరిగిందో చూడు.

ల్యాబ్ మీద ఫిర్యాదు మాత్రం పంపకు. ఆ స్కూటీ ఆమె చాలా మంచి మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. వాళ్ళ తప్పు ఏమాత్రం లేదని నేను హామీ ఇస్తాను.

ఇంకో పెద్ద వార్త. మా వార్డు మహిళకు రిజర్వు అవుతుందట. పరమేశన్న కబురు తెచ్చిన పూట నేను నిజంగానే మంచం పట్టాను. తరువాత ఆయనే దారి చూపించాడు. “ఏం పరేషాన్ గాకు ప్రతాప్. జయమ్మ నిలవడ్తది, నువ్వు నడిపిస్తవ్. అందరం గట్లనే నడిపిస్తున్నం గద” అన్నాడు. మీ అత్త పదో తరగతి పాసైంది, ఎవరితోనూ కొట్లాట లేదు, పైగా రిపోర్టు బంగారం. దాన్నే పెద్దది చేసి ఫ్లెక్సీ కొట్టించాము: ‘స్వచ్ఛమైన రక్తం, స్వచ్ఛమైన వార్డు – జయమ్మక్క’. పాత ఫ్లెక్సీలోని మంటలు తీసేసి మబ్బులు పెట్టమన్నాను.

“ఏమంటవ్?” అని ఆమెనడిగాను. పొయ్యి మీద పాలు దించుతోంది, గిన్నెను వేళ్ళతో కాకుండా రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకుంది. “నేనేమంట, నువ్వే అంటివి గద” అన్నది. ఒప్పుకున్నట్టే.

నీ మామ,
ప్రతాప్

*

శామీర్‌పేట,
జూలై 4, 2025

మామా,

ల్యాబ్ తప్పు లేదని నువ్వు హామీ ఇస్తున్నావు. ఊళ్ళో కరెంటు పోతే ట్రాన్స్‌ఫార్మర్‌ను, వాన పడకపోతే ప్రభుత్వాన్ని, కూర మాడితే గ్యాసు కంపెనీని తిట్టే మనిషివి. జన్మలో మొదటిసారి ఎదుటివాడి తప్పు లేదని రాసిచ్చావు. అక్కడే నాకు అర్థమైంది.

కషాయానికి రక్తం తొమ్మిది నుంచి పదిహేనుకు మూడు వారాల్లో ఎక్కదు. కీళ్ళవాతం గుర్తు కషాయం చూసి పారిపోదు. శనివారం నా కళ్ళ ముందు తీసింది నీ రక్తం. జూన్‌లో బంగారం అన్న అత్త రిపోర్టుతో పోల్చాను. దాదాపు అవే అంకెలు. అంటే మొదటి నుంచీ బంగారం నువ్వే. ఎర్ర అంకె అత్తది. ఆ సీసాల మీద పేర్లు మార్చింది నువ్వే కదా?

నువ్వు ఏ కారణం చెప్పినా వింటాను, ముందు ఇది విను. చలికాలం నుంచి నొప్పి పడుతున్న మనిషిని ఆమెదే కాని రిపోర్టు చూపించి నోరు మూయించావు. ఆమె జబ్బును నువ్వు ఎత్తుకుపోయి మంచం మీద పడుకున్నావు. దానిమ్మ పండ్లు నువ్వు తిన్నావు, కషాయం నువ్వు తాగావు, ఆ కషాయం దంచింది ఆమె వేళ్ళు. ఇప్పుడు నీ రక్తాన్ని ఆమె ఫొటో కింద పెట్టి ఊరంతా కట్టించావు. నేను నీతో ఇట్లా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఈ వారమే కీళ్ళ డాక్టరుకు చూపించు. బొల్లారం దారిలో ఒకాయన ఉన్నాడు, వివరాలు వెనక రాశాను. ప్రతి వారం ఆలస్యానికి ఆమె వేళ్ళతోనే మూల్యం చెల్లించాలి.

అశ్రిత

*

గౌడవెల్లి,
జూలై 9, 2025

అశ్రితా,

నీ ఉత్తరం బీరకాయల కింద నుంచి తీసి పొలం దగ్గర కూర్చుని చదివాను. ఇంట్లో చదివే ధైర్యం లేకపోయింది.

నువ్వన్నది నిజమే. రక్తం ఇచ్చే ముందు రోజు కండ్లకోయలో దావత్ జరిగింది. మందు, మటన్, తలకాయ కూర. తెల్లారేసరికి అంతా నా రక్తంలోనే తేలుతూ ఉంటుందని, ఆ రిపోర్టు పరమేశన్న చేతికి పోతే నా పని అయిపోతుందని అనుకున్నాను. మీ అత్త జావ తాగి బతికే మనిషి, ఆమె రక్తం పాలలా ఉంటుందనుకున్నాను. స్కూటీ ఆమె చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరికి పోయినప్పుడు స్టిక్కర్లు పీకి అటుదిటు అంటించాను. అవి ఊరికే ఊడివచ్చాయి, గట్టిగా అంటించి ఉంటే నేను మార్చేవాడినే కాదు. తీరా చూస్తే నా రక్తమే మంచిదని తేలింది. నాకు అన్యాయం జరిగింది ఒక విధంగా.

జరిగింది జరిగింది. ఇప్పుడు నేను చెప్పేది శాంతంగా విను. శుక్రవారం మేడ్చల్‌లో పార్టీ ఆఫీసుకు పోయి ఆమె దరఖాస్తు ఇవ్వాలి. స్వచ్ఛమైన రక్తమని ఊరంతా కట్టి, ఇప్పుడు ఆమెకు కీళ్ళవాతం అంటే ఏమవుతుంది? సాయినాథ్ తన భార్య ఫొటో ఇప్పటికే తీయించి పెట్టుకున్నాడు. టికెట్ చేతికి రానీ. వచ్చిన మరునాడు నగరంలో అందరికన్నా పెద్ద డాక్టరుకు చూపిస్తాను. ఆరు నెలలు ఓర్చుకున్న మనిషికి ఇంకో నెల రోజులు పెద్ద లెక్క కాదు. ఆమె కూడా నోరు తెరిచి ఏమీ అనడం లేదు.

దీన్ని నువ్వు రాజకీయంగా అర్థం చేసుకోవాలి.

నీ మామ,
ప్రతాప్

*

శామీర్‌పేట,
జూలై 10, 2025

మామా,

నేను రాజకీయంగా అర్థం చేసుకోలేకపోయాను. ఆదివారం వస్తున్నాను, అత్తను డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. అడ్డు వస్తే రెండు రిపోర్టులూ, నీ ఉత్తరాలూ సాయినాథ్ చేతికి ఇస్తాను. నీ నాలుక ఫొటో దాచుకున్నవాడు ఇవి కూడా దాచుకుంటాడు.

ఆమె ఏమీ అనడం లేదని రాశావు. నువ్వు ఒక్కసారైనా అడిగావా?

అశ్రిత

*

గౌడవెల్లి,
జూలై 12, 2025

చిరంజీవి అశ్రితకు,

నీ చివరి ఉత్తరం నిన్న ఉదయమే వచ్చింది. భయపడి విప్పలేదు, అంగీ జేబులో పెట్టుకుని మీ అత్తను కారు ఎక్కించుకుని మేడ్చల్ పోయాను. విప్పి చదివింది రాత్రికే. చదివే అవసరం అప్పటికి తీరిపోయింది.

పార్టీ ఆఫీసులో మస్తు జనం. పరమేశన్న దరఖాస్తు ఆమె ముందు పెట్టి, “సంతకం చెయ్యక్కా, జల్దీ” అని పెన్ను ఇచ్చాడు. ఆమె పెన్ను పట్టుకోబోయింది. జారి కింద పడింది. నేను తీసిచ్చాను. మళ్ళీ పడింది. మూడోసారి ఆమె చెయ్యి చాపలేదు. బల్ల మీద సిరా డబ్బా చూసి, “గది ఇట్లియ్యిన్రి, ఏలు ముద్ర ఏస్త” అన్నది.

పరమేశన్న నా దిక్కు తిరిగి, “ఏందే, పది పాసైందంటివి?” అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. బిడ్డా, పెళ్ళయిన కొత్తలో ఊళ్ళో సగం మంది అర్జీలు రాసిపెట్టింది ఈ మనిషే. నాకు సంతకం తప్ప ఏమీ సరిగ్గా రాయరాని రోజుల్లో నా బదులు బ్యాంకు కాగితాలు నింపింది. ఆమె అందరి ముందు వేలిముద్రకు చెయ్యి చాపింది, బొటనవేలు వంగలేదు. ముద్ర పడటానికి నేనే పట్టుకుని నొక్కబోయాను. కీలు దగ్గర ఉబ్బి, కాలుతూ ఉంది. నేను ముట్టుకోగానే ఆమె కళ్ళు మూసుకుంది. నువ్వు రాసిన వాపు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆరు నెలలుగా ఒకే ఇంట్లో ఉండి ఆ చెయ్యి నేను ముట్టుకోలేదు.

దరఖాస్తు అక్కడే వదిలేసి లేచాను. “ఎటు పోతున్నవే?” అని పరమేశన్న అరిచాడు. “దవాఖానకు” అన్నాను. “మళ్ళ నీకేమైంది?” అన్నాడు. “నాకేం గాలే. ఎన్నడు గాలే. ఆ రోగం మా ఆడామెది” అన్నాను. టికెట్ సాయినాథ్ భార్యకు ఇచ్చారని సాయంత్రం తెలిసింది. బాధ లేదని రాస్తే నువ్వు నమ్మవు. ఉంది.

నువ్వు రాసిన డాక్టరు దగ్గరికే పోయాము. పాత రిపోర్టు ఏమైనా ఉందా అని అడిగాడు. నా పేరున్న కాగితం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన ఆమెను చూసి, కాగితాన్ని చూసి, “ప్రతాప్ రెడ్డి ఎవరు?” అన్నాడు. చెప్పాను. గది బయట వరుసలో ఉన్నవాళ్ళు కూడా విన్నారు. ఆయన నా పేరు కొట్టేసి ఆమె పేరు రాశాడు. తిడితే బాగుండేది. వారానికొకసారి వేసుకునే మాత్ర మొదలుపెట్టాడు, మళ్ళీ రక్తం తీశారు. నొప్పి తగ్గుతుంది, మిగతా వేళ్ళు నిలబడతాయి అన్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు వంకర పోయాయి, అవి ఇక చక్కగా కావట. జూన్‌లో వచ్చి ఉంటేనో అని అడిగాను. ఆయన చీటీ రాస్తూ, మాత్ర ఏ రోజు వేసుకోవాలో ఆమెకు చెప్పాడు.

నువ్వు ఆదివారం రా. నాతో మాట్లాడకపోయినా పరవాలేదు, ఆమె కోసం రా. వంట నేను చేస్తున్నాను, తినగలిగితే తిను.

వాపసు వచ్చేటప్పుడు కారులో అడిగాను. “స్టిక్కర్లు మార్చింది నీకు తెలుసా?”

“కిటికీల నుంచి సూసిన” అన్నది.

“మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పకపోతివి?”

ఆమె రోడ్డు దిక్కే చూస్తూ నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పింది.

“వచ్చినోళ్లంత నా రోగాన్నే సూడనొచ్చిన్రు గదా. ఎంత మంచిగ అడిగిన్రు ఒక్కొక్కలు, నొప్పున్నదా, నిద్ర పడ్తున్నదా, ఇంత తింటున్నవా అని. నువ్వు మంచం మీదికెళ్లి చెప్తుంటివి. నేను తలుపు సాటుకు నిలవడి, నా మనసుల నేను గూడ చెప్పుకున్న. నన్ను గట్ల అడిగినోళ్లు ఎవ్వలున్నరు? అందుకే అందరికి చాయ్ పోసిన.”



ప్రతాప్